ఎదురు చెప్పే ఫైలు

కరెంటు బిల్లు చేతికి రాగానే నువ్వు చూసేది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే అబ్బాయ్. దాన్ని ఫోన్లో కట్టేసి, కాగితాన్ని కిటికీ ఊచల్లో దోపేస్తావు. పై వరసలు చదవవు. ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, ఆ కింద ఎఫ్‌పీపీసీఏ అని నోరు తిరగని మరో పద్దు. ఒక్కో వరస వెనక ఒక్కో చట్టమో, రూలో, ఉత్తర్వో ఉంది. ఆ సుంకం ఉందే, దాని మూలం 1939 నాటి మద్రాసు చట్టం, నేను పుట్టకముందుది. ఇన్ని పద్దులు నీ నెత్తిన పెట్టేముందు శాసనసభలో కూర్చున్నవాళ్లకి ఎవరు ఏం చెప్పారు, ఎవరు వద్దన్నారు, వద్దన్నవాడి మాట ఏమైంది? నీకు అక్కర్లేదు. మాకు కావాలి. మా రోజుల్లో టీ కొట్టు దగ్గర కూడా దీని మీద కొట్లాట జరిగేది.

నేను సర్కారు కొలువులో బతుకంతా ఇంధన వ్యవహారాల కాగితాల మధ్యే గడిపినవాణ్ణి. అందుకే చట్టం అనగానే నాకు అసెంబ్లీ కాదు, దాని వెనకున్న ఫైలు గుర్తొస్తుంది. నువ్వు ఫైలు చూసి ఉండవు, చూసినా కంప్యూటర్లో చూసి ఉంటావు. మేము నోట్ ఫైలు వేరుగా, ఉత్తరాలుండే కరెంట్ ఫైలు వేరుగా కుట్టి, రెండింటినీ అట్టల మధ్య పెట్టి తాడు కట్టేవాళ్లం. పేరా పేరాకీ నంబరు. ఏ ఉత్తరం గురించి మాట్లాడుతున్నామో ఆ పేజీకి చిన్న చీటీ గుండుసూదితో గుచ్చి ‘ఎ’ అనో ‘బి’ అనో రాయాలి, దాన్ని ఫ్లాగు అనేవాళ్లం. మార్జిను వదలకుండా రాస్తే మా సెక్షన్ ఆఫీసరు కాగితం మొహాన కొట్టేవాడు. ఎందుకంటే ఆ మార్జినులో పైవాడు రాయాలి, వాడి పైవాడు రాయాలి, ఒప్పుకోనివాడు అక్కడే ఒప్పుకోనని రాయాలి.

ఆ ఒప్పుకోకపోవడమే అసలు పని నాయనా. ఒక బిల్లు తేవాలని మంత్రిగారికి బుద్ధి పుడితే, ముందు శాఖ నుంచి నోట్ వెళ్లాలి. అది ఆర్థిక శాఖకి వెళ్తే వాళ్లు ‘ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది’ అని ఒక్క వాక్యం రాసి వెనక్కి కొట్టేవాళ్లు. న్యాయ శాఖకి వెళ్తే, ఫలానా అధికరణం కింద ఇది చెల్లదు, కావాలంటే ఇలా మార్చుకోండి అని రెండు పేజీలు. సంచిత నిధి నుంచి ఖర్చయ్యే బిల్లయితే దానికి ఆర్థిక మెమోరాండం జతచేయాలి, గవర్నరు సిఫారసు కావాలి. ఇంతా అయ్యాక మంత్రిగారు ‘మీ అభ్యంతరం చూశాను, అయినా ఇలాగే చేద్దాం’ అని రాసి సంతకం పెట్టేవారు. పెట్టనీ. అది ఆయన హక్కు. వద్దన్నవాడి మాట కాగితం మీద ఉంది, కాదన్న ఆయన సంతకమూ కాగితం మీద ఉంది. రేపు ఎవరైనా తీసి చూస్తే ఎవరి మాట ఎటు పోయిందో తెలుస్తుంది. ఇప్పుడు ముందు ఫోనొస్తుంది, ఫలానాది కావాలని. ఆ తర్వాత దానికి తగ్గ నోట్ తయారవుతుంది. ముందే చెప్పింది రాశాక అది సలహా ఎలా అవుతుంది చెప్పు? గంగిరెద్దు తలూపినట్టు ఊపడానికి ఇంతమంది అధికారులెందుకు, ఇన్ని సంస్థలెందుకు?

కరెంటు చట్టాలు ఆషామాషీగా పుట్టలేదు, తెలుసా. అంబేడ్కర్ అనగానే నీకు రాజ్యాంగం ఒక్కటే గుర్తొస్తుంది. ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు విద్యుత్తు కూడా ఆయన చేతిలోనే ఉండేది. 1943లో విద్యుత్ విధానం మీద ఏర్పాటైన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. కరెంటు చవగ్గా, సమృద్ధిగా దొరక్కపోతే పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకపోతే పేదవాడి దరిద్రం తీరదు అని ఆయన వాదన. యుద్ధం నడుస్తుండగా, దేశం చేతికి రాకముందే, కూర్చుని ఆలోచించారు. ఆ ఆలోచనలోంచే 1948లో విద్యుత్ సరఫరా చట్టం వచ్చింది, దాని కింద రాష్ట్రాల్లో బోర్డులు పుట్టాయి. మన ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో పుట్టింది.

ఆ 1948 చట్టంలో 61వ సెక్షన్ ఉండేది. నాకు చాలా ఇష్టమైన సెక్షన్ అది. బోర్డు ఏటా ఫిబ్రవరిలో, వచ్చే ఏడాది ఎంత వస్తుంది ఎంత పోతుంది అనే అంచనా తయారుచేసి సర్కారుకి ఇవ్వాలి. సర్కారు దాన్ని సభ ముందు పెట్టాలి. సభ్యులు దాని మీద చర్చించవచ్చు, ఓటు మాత్రం వేయడానికి లేదు. వాళ్లు చెప్పింది బోర్డు పరిశీలించాలి. ఎంత పొందికగా ఉందో చూడు. లెక్క తెలిసినవాడు లెక్క పెడతాడు, జనం సంగతి తెలిసినవాడు జనం సంగతి చెబుతాడు, ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోరు. బోర్డుకి సలహా చెప్పడానికి ఒక సంప్రదింపుల మండలి కూడా ఆ చట్టంలోనే ఉండేది. అప్పట్లో సభలో వావిలాల గోపాలకృష్ణయ్యగారు, సుందరయ్యగారు లాంటివాళ్లు ఉండేవాళ్లు. కాగితం చదవకుండా లేచి మాట్లాడే రకాలు కావు. వాళ్లు లేస్తారంటే మా పైఆఫీసర్లు గ్యాలరీలో ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు, మంత్రిగారికి చీటీలు అందించడానికి. ఇవాళ మంత్రిగారికి చీటీ అందించాల్సిన ప్రశ్న అడిగేవాళ్లు ఎంతమంది? సభ పొద్దున మొదలై మధ్యాహ్నానికి సగం బిల్లులు ‘ఆమోదం, ఆమోదం’ అంటూ గడిచిపోతాయి. నేను టీవీలో చూస్తూనే ఉంటాను, మా ఇంటావిడ ఛానెల్ మార్చేదాకా.

ఏం చెప్తున్నాను? ఆ, పంపుసెట్లు. 1980ల మొదట్లో పొలం మోటార్లకి మీటర్లు తీసేశారు. హార్స్‌పవర్‌కి ఇంత అని ఏడాదికి ఒక మొత్తం. ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా వచ్చాక అది హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు అయింది. అదే 1983లో కిలో 2 రూపాయల బియ్యం కూడా. ఈ రెండూ జనానికి కావాల్సినవే, నేను కాదనను. మా ఊళ్లో బియ్యం గింజ కోసం బాకీ పడ్డ ఇళ్లు నాకు తెలుసు, మోటారు బిల్లు కట్టలేక నీళ్లున్న బావిని వదిలేసినవాళ్లూ తెలుసు. కానీ ఒక మాట చెప్పాలి. మీటరు తీసేస్తే రేపు పొలానికి ఎంత కరెంటు పోతోందో, తీగల్లో ఎంత కారిపోతోందో, దొంగతనంగా ఎంత పోతోందో తేల్చడానికి ఉండదు అని చెప్పిన ఇంజినీర్లు ఉన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వ్యవసాయానికి పోయే కరెంటు అంచనా మీదే నడిచింది, ఆ అంచనా దగ్గర ప్రతి ఏడూ తగువే. చెప్పినవాళ్లు చెప్పారు, చెయ్యాల్సినవాళ్లు చేశారు. నేను చెప్పేది అంతే. ఇప్పుడు చెప్పేవాళ్లే తగ్గిపోయారు.

తర్వాత కాలం మారింది. బోర్డు నష్టాల్లో పడింది. 1995లో హితెన్ భయా కమిటీ బోర్డుని ముక్కలు చేయమంది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా చీలి జెన్‌కో, ట్రాన్స్‌కో, ఆ తర్వాత నాలుగు పంపిణీ కంపెనీలు. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు. 1999 ఏప్రిల్‌లో విద్యుత్ నియంత్రణ మండలి. ఛైర్మనూ ఇద్దరు సభ్యులూ కూర్చుని కరెంటు ధర ఎంతో తేలుస్తారట! సభలో ఇంతమందిని ఓట్లేసి కూర్చోబెట్టుకుంది ఎందుకు? అని ఆరోజుల్లో నేను గొణిగాను, ఇప్పటికీ ఆ గొణుగుడు వదులుకోను. మండలి ఇచ్చిన మొదటి టారిఫ్ ఉత్తర్వు 2000 మే నెలలో వచ్చింది. ఇళ్ల బిల్లులు భగ్గుమన్నాయి. రాష్ట్రమంతా ధర్నాలు. ఆగస్టు 28న అసెంబ్లీకి వెళ్దామని బయల్దేరినవాళ్ల మీద బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఆఫీసులో ఎవరమూ తిన్నగా అన్నం తినలేదు. ధర పెంచమన్న లెక్క మా టేబుళ్ల మీదుగా వెళ్లిందే కదా.

కానీ ఆ మండలి ఒక మంచి పని మొదలుపెట్టింది. విచారణలు. నువ్వు చూళ్లేదు కాబట్టి వివరంగా చెప్తాను, తొందరపడకు.

కంపెనీలు నవంబరు ఆఖరుకి, మాకు వచ్చే ఏడాది ఇంత ఖర్చు, ఇంత రాబడి, ఇంత తక్కువ పడుతోంది అని మండలికి కాగితాలు ఇవ్వాలి. పేపర్లలో ప్రకటన వేయాలి. ఎవరైనా సరే, రైతు, మిల్లు యజమాని, పెన్షనరు, నాలాంటివాడు, నీలాంటివాడు, అభ్యంతరం రాసి పంపవచ్చు. కంపెనీ దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ తర్వాత తిరుపతిలో, విశాఖలో, వరంగల్‌లో, హైదరాబాద్‌లో మండలి వాళ్లు స్వయంగా కూర్చుని వింటారు. పొద్దున పదింటికి మొదలైతే దీపాలు పెట్టేదాకా. ముందు వరసలో కంపెనీ ఇంజినీర్లు, పక్కన సూటూ బూటూ వేసుకున్న పరిశ్రమల వకీళ్లు, వెనక కుర్చీల్లో తువ్వాలు భుజాన వేసుకున్న రైతులు. వకీలు ఇంగ్లిషులో అరగంట మాట్లాడేవాడు. తర్వాత రైతు లేచేవాడు.

ఒకసారి అలాంటి విచారణలో ఒక పెద్దాయన మాడిపోయిన మోటారు స్టార్టరు సంచిలోంచి తీసి సభ్యుల ముందు బల్ల మీద పెట్టాడు. రాగి చుట్ట నల్లబడి, బేకలైట్ మూత మాడి పగిలిపోయింది. కాలిన వాసన మూడో వరసలో ఉన్న నాకూ వచ్చింది. ‘రాత్రి రెండింటికి కరెంటిస్తారు. వోల్టేజీ ఉండదు. ఈ ఏడాది ఇది మూడోది. ఒక్కోదానికీ రివైండింగుకి ఎంతవుతుందో మీ ఖర్చుల పట్టికలో ఎక్కడుందో చూపించండి’ అన్నాడు. ఇంజినీర్లు కాగితాలు తిరగేశారు. ఏ పట్టికలోనూ లేదు. ఉండదు కూడా. కంపెనీ నష్టానికి లెక్క ఉంటుంది, రైతు నష్టానికి ఉండదు. ఆ మాట ఆయన అడిగాడు, సభ్యులు రాసుకున్నారు. ఆ రాసుకోవడం కోసమే నాకు ఆ విచారణలంటే ప్రాణం. ఉత్తర్వు వచ్చాక తీసి చూస్తే, అభ్యంతరం ఇదీ, కంపెనీ జవాబు ఇదీ, మండలి అభిప్రాయం ఇదీ అని వరసగా అచ్చయి ఉండేవి. లావుపాటి పుస్తకం. రైతు మాటకీ సిమెంటు ఫ్యాక్టరీ మాటకీ అందులో ఒకే సైజు అక్షరాలు.

2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం ఎలా వచ్చిందో చెప్పనా? 2001 ఆగస్టులో బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఇంధన స్థాయీ సంఘానికి పంపారు. ఆ సంఘం ఏడాది దాటి చర్చించి 2002 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2003 ఏప్రిల్‌లో లోక్‌సభ, మేలో రాజ్యసభ ఆమోదించాయి, జూన్ 10 నుంచి అమలు. రెండేళ్లు దగ్గర దగ్గర. నీకు రెండేళ్లంటే మూడు ఫోన్లు మారతాయి. మాకు రెండేళ్లంటే ఒక చట్టం సరిగ్గా ఉడకడానికి పట్టే కాలం.

ఆ చట్టంలో 86వ సెక్షన్ చదువు. రాష్ట్ర మండలి పనులు రాసి, రెండో ఉపవిభాగంలో రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇవ్వాలని రాశారు. పోటీ గురించి, పొదుపు గురించి, పెట్టుబడి గురించి, రంగాన్ని ఎలా తీర్చిదిద్దాలో దాని గురించి. ఆ తర్వాతి సెక్షన్ ప్రకారం ఒక సలహా సంఘం ఉండాలి. 21 మందికి మించకూడదు. అందులో వ్యవసాయం, కార్మికులు, వినియోగదారులు, రవాణా, పరిశ్రమ, చదువుకున్నవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు అందరి తరఫునా మనుషులుండాలి. మండలి ఏటా తాను ఏం చేసిందో నివేదిక రాసి ఇస్తే దాన్ని శాసనసభ ముందు ఉంచాలి. మండలి చేసే రెగ్యులేషన్లు కూడా సభ ముందు పెట్టాలి. ఇంత కట్టుదిట్టం. సభ ముందు పెట్టడం పెడుతూనే ఉన్నారు. ‘సభకు సమర్పించడమైనది’ అంటారు, పక్క కాగితానికి వెళ్తారు. ఆ నివేదిక పట్టుకుని లేచి, ‘అధ్యక్షా, ఫలానా పేజీలో ఇలా ఉంది, దీనికి ప్రభుత్వం ఏం చెబుతుంది’ అని అడిగిన గొంతు ఈమధ్య నా చెవిన పడలేదు.

సబ్సిడీ సంగతి చూడు. ఇది నీకు తప్పకుండా తెలియాలి. 2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. ఉచితం అంటే కరెంటు ఊరికే పుట్టదు కదా. ఆ 2003 చట్టంలోనే 65వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రభుత్వం ఎవరికైనా తగ్గించి ఇవ్వమంటే ఆ డబ్బు ముందుగానే కంపెనీకి కట్టాలి. మండలి ముందు పూర్తి ఖర్చు ఎంతో తేల్చి, ఈ లెక్కన యూనిట్ ఇంత పడుతుంది, మీరు ఎవరికి ఎంత తగ్గిస్తారు, ఆ సొమ్ము ఇస్తారా అని సర్కారుని అడుగుతుంది. సర్కారు ఉత్తరం రాసి ఇంత ఇస్తామంటుంది. అప్పుడు రేటు ఖాయం అవుతుంది. దయ చూపించదలిచిన చేతికి దాని ఖరీదు ముందే చూపించే పద్ధతి. ఉచిత కరెంటు ఇచ్చేటప్పుడు రైతులకి కెపాసిటరు పెట్టుకోమన్నారు, ఐఎస్ఐ మార్కు మోటారు వాడమన్నారు, మంచి ఫుట్‌వాల్వ్, మంచి పైపు వేసుకోమన్నారు. ఎంతమంది పెట్టుకున్నారన్నది వేరే మాట. కాకపోతే ఇచ్చేవాళ్లు ఆలోచించి ఇచ్చారు. ఇప్పుడు పథకం ముందు ఎన్నికల సభలో పుడుతుంది, లెక్క వేసే అధికారికి మర్నాడు పేపర్లో తెలుస్తుంది. 200 యూనిట్ల దాకా ఉచితం అనండి, ఇంకోటి అనండి. పేద ఇంట్లో దీపం వెలిగితే నాకు ఏడుపేమీ లేదు. ఆ దీపం పదేళ్లు వెలగాలంటే ఏం చెయ్యాలో ఎవరైనా ముందు చెప్పారా, చెబితే ఎక్కడ రాశారు? అదీ నా ఏడుపు.

ఉపాధి హామీ చట్టం సంగతే తీసుకో. సంక్షేమ చట్టం అంటే అదీ. 2004 డిసెంబరులో బిల్లు పెట్టినప్పుడు అది పేద కుటుంబాలకే అని ఉంది. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం దగ్గరికి వెళ్లింది. పేదవాడెవడో తేల్చే జాబితాల్లోనే పేదవాడు తప్పిపోతాడు, పల్లెలో పని అడిగిన ప్రతి ఇంటికీ ఇవ్వాలి అన్న మాట అక్కడ నెగ్గింది. 2005 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. తట్టా పారా పట్టుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఆ ఒక్క మార్పు వల్ల పనిలోకి వచ్చారో మీ అమ్మమ్మని అడుగు. చట్టానికి ఎనిమిది నెలలు ఆలస్యం అయింది. అయితేనేం?

ఇప్పుడో? 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీల దగ్గరికి వెళ్లాయి. 17వ లోక్‌సభకొచ్చేసరికి 16. విద్యుత్ సవరణ బిల్లునే చూడు. 2020లో ముసాయిదా వచ్చినప్పుడు తెలంగాణ శాసనసభ వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. రైతులు, ఉద్యోగులు గోల పెట్టారు. 2022 ఆగస్టు 8న బిల్లు లోక్‌సభకి వచ్చింది, గొడవ మీద స్థాయీ సంఘానికి వెళ్లింది. సరే, మంచిదే అనుకున్నాను. ఆ బిల్లు అక్కడ ఉండగానే, అదే ఏడాది డిసెంబరు ఆఖర్లో కేంద్రం రూల్సు తెచ్చింది. ఇంధనం ధర పెరిగితే నెలనెలా దానంతట అదే వినియోగదారుడి మీద పడేలా చూడమని. 2023లో మన రాష్ట్రంలో యూనిట్‌కు 40 పైసల దాకా, ముందు విచారణ లేకుండా వసూలు చేసుకునే వీలు కల్పించారు. నీ బిల్లులో ఎఫ్‌పీపీసీఏ అదే. తర్వాత ఏడాది చివర లెక్క చూసి సర్దుతారట. ముందు తీసుకుని తర్వాత అడగడం మా రోజుల్లో లేదా అంటావేమో. ఇంధన సర్దుబాటు ఛార్జీ పేరుతో వెనకటి ఏళ్ల బాకీ 2012-13 ప్రాంతంలో జనం మీద వేశారు, దాని మీదా పెద్ద గొడవ జరిగింది. అంటే మా రోజుల్లోనూ ఉండేది. కానీ అప్పుడు మూడు నెలలకోసారి కంపెనీ మండలి ముందుకి వచ్చి ఇదీ నా ఖర్చు అని చూపించాలి, మనం కాదనవచ్చు. స్టార్టరు పట్టుకొచ్చిన పెద్దాయన ఇప్పుడు నెలనెలా పడే పైసల్ని ఏ బల్ల మీద పెట్టి అడగాలి?

విచారణలు కూడా మారాయి. కరోనా వచ్చాక వీడియోలో పెట్టారు. కరోనా పోయాక కూడా కొన్నాళ్లు వీడియోలోనే నడిపారు. తెర మీద నీ పేరు పిలిచేవాళ్లు, మైకు తెరుచుకోవాలి, మాట్లాడే లోపల ‘మీ సమయం అయిపోయింది’ అనేవాళ్లు. నా మాట మధ్యలో గొంతు తెగిపోయిన రోజు ఉంది, తెగినట్టు అవతలివాళ్లకి తెలుసో లేదో కూడా తెలీలేదు. రైతు మొహం చూడకుండా రేటు తేల్చడం అన్యాయం నాయనా. కోర్టులో ముద్దాయికైనా జడ్జి మొహం కనబడుతుంది.

మా మనవరాలు ఒప్పుకోదు. ‘తాతయ్యా, ఇదివరకు విచారణకి తిరుపతి వెళ్లాలంటే రైతుకి రెండు రోజుల కూలి పోయేది. ఇప్పుడు ఇంట్లోంచి మాట్లాడొచ్చు. మీ పాత ఫైళ్లు బీరువాలో తాళం వేసి ఉండేవి, ఇప్పుడు ఉత్తర్వు అదే రోజు ఫోన్లో చదువుకోవచ్చు. మీ ఫోటోల్లో ఆ హాల్లో ఆడవాళ్లు ఒక్కరు కనబడరు’ అంటుంది. ఆ మాటలు నిజం. హాల్లో ఆడవాళ్లు ఉండేవాళ్లు కాదు, ఉన్నా వెనకే. రేషను కార్డుకీ, గ్యాసుకీ, కరెంటు బిల్లుకీ క్యూలో నిలబడేది వాళ్లయితే, ధర మీద మాట్లాడేది మేము. బోర్డు కాలంలో మేము రాసిన నోట్లు ఏ రైతూ చదివి ఉండడు, చదివే వీలే లేదు. సమాచార హక్కు 2005లో గానీ రాలేదు. ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకుని మళ్లీ అడుగుతాను. చదివే వీలొచ్చాక చదివేవాళ్లు ఎంతమంది పెరిగారు? ముసాయిదా బిల్లుల్ని 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. ఉంచినప్పుడు కూడా ఇంగ్లిషులో ఉంచుతారు. మా వీధి చివర మోటారు మెకానిక్కి కరెంటు గురించి నాకంటే ఎక్కువ తెలుసు. వాడికి ఆ ముసాయిదా తెలుగులో ఇస్తే ఎన్ని తప్పులు పట్టేవాడో!

సలహా సంస్థలకి సొంత మనుషులు ఉండాలి, సొంత లెక్కలు చేసుకోగలగాలి. ఇది నేను ఎన్నాళ్లనుంచో అంటున్న మాట. కంపెనీ ఇచ్చిన లెక్కని కంపెనీ నుంచి వచ్చినవాళ్లే చూసి బాగుందంటే ఏం లాభం? ఖాళీలు నింపరు. ఛైర్మన్ పదవి ఖాళీ అయితే నెలలు గడుస్తాయి. సభ్యుల జీతం సర్కారు చేతిలో, నియామకం సర్కారు చేతిలో, సలహా మాత్రం సర్కారుకే ఇవ్వాలి. అలాంటి కుర్చీలో కూర్చుని కూడా గట్టిగా రాసినవాళ్లు ఉన్నారు, ఈ తరంలోనూ ఉన్నారు, వాళ్లకి దండం. కానీ గట్టిగా రాసినవాడికి తోడుగా శాసనసభలో ఒక్కడైనా లేచి చదవాలి. అది జరగడం లేదని నా బాధ.

సరే, నవంబరు వస్తోంది. కంపెనీలు మళ్లీ లెక్కలు దాఖలు చేస్తాయి. నేను ఈసారి కూడా అభ్యంతరం రాస్తున్నాను, ఆ నెలనెలా పడే 40 పైసల పద్ధతి మీద. మండలికి ఒక కాపీ, కంపెనీకి ఒకటి, మా ఎమ్మెల్యేగారికి ఇంకోటి, చదవనీ మాననీ. నువ్వు టైపు చేసి పెడతానంటే వద్దనను గానీ, సెక్షన్ నంబర్లు తప్పు కొట్టావంటే ఊరుకోను. నాకు కావాల్సింది కార్బన్ పేపరు. ఊరంతా తిరిగాను. ఒక్క కొట్టువాడికీ అదేమిటో తెలీదు.